‘క్లాక్ టవర్’ ఆట – భయానక రసం

మానవుని మనోభావాలలో భయం అతి ప్రాచీనమైనది. నిత్యజీవితంలో అది దుఃఖాన్ని కలిగిస్తుంది; కళలో అదే భయం ఆస్వాదయోగ్యమవుతుంది. అందుకే భరతముని నాట్యశాస్త్రంలో పేర్కొన్న ఎనిమిది రసాలలో భయానకానికీ స్థానం కల్పించాడు. వికృత ధ్వనులు వినడం, నక్కల, గుడ్లగూబల అరుపులకు జడవడం, నిర్మానుష్యమైన ఇంట్లో ప్రవేశించడం వంటివి ఆ రసానికి విభావాలు, అంటే కారణాలు. రంగస్థలం కోసం చెప్పిన ఈ లక్షణాలు వీడియో ఆటలలోనూ కనిపిస్తాయి. జపాన్‌లో రూపొందిన ‘క్లాక్ టవర్’ అందుకు చక్కని నిదర్శనం.

ఇది ‘పాయింట్ అండ్ క్లిక్’ తరగతికి చెందిన ఆట. తెరమీది గుర్తును ఒక తలుపు మీదికో, పెట్టె మీదికో జరిపి మీట నొక్కితే కథలోని పాత్ర అక్కడికి నడిచి వెళ్లి దానిని పరిశీలిస్తుంది. ఈ తరహా ఆటలలో చేతివేగం కన్నా పరిశీలనాశక్తికి ప్రాధాన్యం ఎక్కువ. 1987లో వెలువడిన ‘మేనియక్ మేన్షన్’ ఈ పద్ధతికి మంచి ప్రాచుర్యం తెచ్చింది.

‘క్లాక్ టవర్’ను హ్యూమన్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ 1995లో సూపర్ ఫామికామ్ అనే యంత్రం కోసం విడుదల చేసింది. దర్శకుడు హిఫుమి కోనో. ఇటలీ దర్శకుడు డారియో అర్జెంటో భయానక చిత్రాలు ఆయనకు ప్రేరణనిచ్చాయి. కథ నార్వేలో జరుగుతుంది. జెన్నిఫర్ అనే అనాథ బాలిక ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి ఒక పెద్ద భవనానికి వస్తుంది. కాసేపటికే స్నేహితురాళ్లు కనిపించకుండా పోతారు. పెద్ద కత్తెర పట్టిన హంతకుడు ఆమెను వెంటాడతాడు.

ఈ ఆటను కొత్తగా ఆడేవారికి మొదట విసుగు కలుగుతుంది. బొమ్మలు పాతకాలం నాటివి. జెన్నిఫర్ నడక మెల్లన. చాలాసేపు సంగీతం ఉండదు. ఆమె అడుగుల చప్పుడే వినిపిస్తుంది. అయితే ఆ నిశ్శబ్దమే క్రమంగా గుండె దడను పెంచుతుంది. చలనచిత్రంలో నాయిక చీకటి గదిలోకి పోతుంటే ప్రేక్షకుడు కళ్లు మూసుకున్నా కథ సాగిపోతుంది. ఇక్కడ అలా కాదు. ఆడేవారు మీట నొక్కనిదే తలుపు తెరుచుకోదు. లోపల ఏమున్నదో తెలియకపోయినా తమ చేతితోనే దానిని తెరవాలి. ప్రేక్షకుడే నటుడు కావడం ఈ ఆటలోని విశేషం.

కొత్తవారు సహజంగానే ఆయుధం కోసం వెదుకుతారు. కాని హంతకునితో తలపడి గెలవగల ఆయుధమేదీ జెన్నిఫర్‌కు లభించదు. పారిపోవడం, దాగుకోవడం, చేతికందిన వస్తువుతో అతణ్ణి కొంతసేపు నిలువరించడం మాత్రమే ఆమెకు సాధ్యం. తెర మూలనున్న ఆమె ముఖచిత్రం వెనుక రంగు నీలం నుంచి ఎరుపు దాకా మారుతూ ఆమె అలసటనూ భయాన్నీ తెలుపుతుంది. చేతులు వణకడం, ముఖం వెలవెలపోవడం వంటి వాటిని భరతుడు భయానికి అనుభావాలన్నాడు; ఇక్కడ ఆ పనిని రంగులు చేస్తాయి. కొంత విశ్రాంతినిస్తే ఆమె తేరుకుంటుంది. భయం లేకపోవడం ధైర్యం కాదని, భయపడుతూనే నిదానంగా ఆలోచించగలగడమే ధైర్యమని ఆడేవారు గ్రహిస్తారు.

ఈ కథకు పలు ముగింపులున్నాయి. స్నేహితురాళ్లను విడిచి జెన్నిఫర్ ఒక్కతే కారులో పారిపోయే మార్గమూ ఉంది. ప్రాణభీతితో దానిని ఎంచుకుంటే కథ సుఖాంతం కాదు. ఈ ఆట 2024లో కొత్త యంత్రాలపై మళ్లీ విడుదలైంది. యంత్రం ఆపివేయగానే కత్తెర చప్పుడు ఆగిపోతుంది. కాని ఆపదలో తోటివారిని విడిచిపెట్టాలా, వెదకాలా అన్న ప్రశ్న మాత్రం ఆడినవారి మనస్సులో నిలిచిపోతుంది. భయానక రసం మనిషిని బెదిరించడంతో ఆగక, అతని స్వభావాన్ని అతనికే చూపుతుంది.

అర్థాలు
ఆస్వాదయోగ్యం = అనుభవించి ఆనందించదగినది
నిర్మానుష్యం = మనుషులు లేనిది
అనుభావం = మనసులోని భావాన్ని తెలిపే బాహ్యచిహ్నం

ప్రశ్నలు
1. చలనచిత్రంలోని భయానికీ, ఈ ఆటలోని భయానికీ గల భేదాన్ని వివరించండి.
2. ‘క్లాక్ టవర్’ ఆటలో విభావానుభావాలు ఎలా కనిపిస్తాయో రాయండి.