మగ్గాల ఊళ్లో కోడింగ్ పాఠం

ఐదో తరగతి లోపు పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి అరచేతిలో ఇమిడే బోర్డు ఒకటి చాలు. చీరాల లాంటి చోట దానికి కావలసిన పాఠాలు వీధివీధినా దొరుకుతాయి.

జాండ్రపేట, పేరాల, ఈపూరుపాలెం, వేటపాలెం... చీరాల చుట్టుపక్కల నేతవీధుల్లో నడిస్తే మగ్గాల మీద జాకార్డ్ అట్టలు వేలాడుతూ కనిపిస్తాయి. దారంతో వరుసగా కుట్టిన ఆ అట్టల నిండా చిల్లులే. చిల్లు ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట కిందే ఉండిపోతుంది. కింద నేతన్న తొక్కుడుకర్ర తొక్కగానే పైన తర్వాతి అట్ట ముందుకొస్తుంది. అలా ఒక్కో అట్ట చెప్పినట్టల్లా పోగులు లేస్తూ, దిగుతూ చీర అంచు మీద బుటా పడుతుంది.

ఫ్రాన్సులో జోసెఫ్ మారీ జాకార్డ్ 1804 నాటికి రూపమిచ్చిన పద్ధతి ఇది. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తాను తలపెట్టిన లెక్కల యంత్రానికి ఆదేశాలివ్వడానికి ఈ చిల్లుల అట్టలనే ఎంచుకున్నాడు. ఆ యంత్రం మీద 1843లో ఏడా లవ్‌లేస్ రాసిన వివరణలో ఒక లెక్కను అంచెలంచెలుగా ఎలా చేయించాలో ఉంది. తొలి కంప్యూటర్ ప్రోగ్రామ్ అదేనని చాలామంది చెబుతారు. ఆ రకంగా చూస్తే మగ్గం చప్పుడు వింటూ పెరిగిన పిల్లలకు కోడింగ్ పరాయి విద్యేం కాదు. వాళ్ల ఇంట్లో ఉన్న విద్యను బడిలోకి తెచ్చే మనుషులే కావాలి.

అరచేతిలో కంప్యూటర్

ఆ పనికి తగిన సాధనం ఇప్పుడు చవకగానే దొరుకుతోంది. బీబీసీ మైక్రోబిట్ అనే బోర్డు పొడవు ఐదు సెంటీమీటర్లు, వెడల్పు నాలుగు. ముందువైపు ఐదు వరుసల్లో ఐదేసి చొప్పున 25 చిన్న ఎర్ర దీపాలు, అటూ ఇటూ రెండు బటన్లు ఉంటాయి. కదలికను, వేడిని, వెలుతురును, దిక్కును పసిగట్టే ఏర్పాటూ అందులోనే ఉంది. 2020లో వచ్చిన రెండో రకానికి మైకు, స్పీకరు కూడా చేర్చారు. రెండు చిన్న బ్యాటరీలతో నడుస్తుంది. మన దగ్గర ధర రెండు వేల రూపాయలకు అటూ ఇటూ.

2016లో బ్రిటన్ అంతటా 11, 12 ఏళ్ల పిల్లలకు పది లక్షల దాకా ఈ బోర్డులను ఉచితంగా పంచారు. 2018లో డెన్మార్క్ జాతీయ ప్రసార సంస్థ ఇదే పనిని నాలుగో తరగతి పిల్లలతో మొదలుపెట్టింది. 2023లో బ్రిటన్ ఇంకా చిన్న పిల్లల వైపు చూసింది. ప్రాథమిక పాఠశాలల కోసం ఏడు లక్షల బోర్డులు కేటాయించి, బడికి ముప్పై చొప్పున ఇవ్వడం మొదలుపెట్టారు. అక్కడి పిల్లలు వాటితో తమ ఆటస్థలాన్నే కొలిచి, ఆ లెక్కలను తరగతిలో చర్చించుకున్నారు.

చిన్న తరగతుల్లో ఇది పనిచేయడానికి కారణం ఉంది. ఎనిమిదేళ్ల పిల్లకు కీబోర్డు మీద ఆదేశాలు టైపు చేయడం కష్టం. ఇక్కడ ఆ అవసరమే లేదు. మేక్‌కోడ్ అనే ఉచిత ప్రోగ్రాములో రంగురంగుల దిమ్మెలుంటాయి. ‘బటన్ నొక్కితే’ అన్న దిమ్మె లోపల ‘ఈ బొమ్మ చూపించు’ అన్న దిమ్మెను ఇమిడిస్తే ప్రోగ్రామ్ తయారైనట్టే. తెర మీద ఒక నమూనా బోర్డు కూడా ఉంటుంది కాబట్టి, చేతికి బోర్డు అందేలోపు పిల్లలు తాము రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకోవచ్చు.

ఆరో తరగతితో ఆగిన మల్లేశం

తెలుగునాట మగ్గానికీ, యంత్రాన్ని నడిపించే చిన్న కంప్యూటర్ చిప్పు మైక్రోకంట్రోలరుకూ నిజంగానే ముడివేసిన మనిషి చింతకింది మల్లేశం. ఊరు ఆలేరు దగ్గర శారాజీపేట. చదువు ఆరో తరగతితో ఆగింది. పోచంపల్లి రకం చీరకు నేతకు ముందు ఆసు పోయాలి. అంటే అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ నూలును చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి లక్ష్మి భుజాల నొప్పితో పడే బాధ చూడలేక ఆయన ఏళ్ల తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం చేశాడు. తల్లి పేరే దానికి పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది.

అక్కడితో ఆగకుండా ఆయన ఎలక్ట్రానిక్స్ పుస్తకాలు ముందేసుకుని, ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు వెతుక్కుంటూ మైక్రోకంట్రోలర్ పని నేర్చుకున్నాడు. తర్వాతి యంత్రాలకు దాన్ని జతచేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. ఒకప్పుడు చీరాల నుంచి అరబ్బు దేశాలకు ఎగుమతైన తేలియా రుమాళ్లదీ పోచంపల్లి చీరల్లాగే పోగులు కట్టి రంగులద్దే పద్ధతే. మల్లేశం పెద్దయ్యాక ఒంటరిగా కష్టపడి నేర్చుకున్నదాన్ని నేటి పిల్లలు నాలుగో తరగతిలో ఆడుతూ పాడుతూ మొదలుపెట్టగలరు.

చీరాల బడిలో ఏం చేయించవచ్చు?

మొదటి పాఠానికి గళ్ల కాగితం చాలు. ఐదు అడ్డం, ఐదు నిలువు గళ్లు గీసి, పిల్లలు తమ ఇంటి చీర అంచులోంచి ఒక్కో చిన్న బుటాను అందులో దించాలి. నింపిన గడి వెలిగే దీపం, ఖాళీ గడి ఆరిన దీపం. అలా దించిన రెండు బొమ్మలను బోర్డులోకి ఎక్కించాక ఒక బటన్ నొక్కితే రుద్రాక్ష, ఇంకోటి నొక్కితే పువ్వు కనిపించాలి. ఒక వరుసలో దీపం తప్పు చోట వెలిగితే, ఆ తప్పు ఏ గడిలో ఉందో కాగితం మీద వేలు పెట్టి వెతకాలి. మగ్గం మీద పోగు తప్పితే ఇంట్లో పెద్దలు చేసేదీ అదే. అంచు పొడవునా బుటా ఎలా తిరిగి తిరిగి వస్తుందో తెలిసిన పిల్లకు ‘నాలుగుసార్లు మళ్లీ చెయ్యి’ అన్న దిమ్మె గురించి వేరే చెప్పనక్కర్లేదు.

రెండో పాఠం పొలానిది. రెండు ఇనుప మేకులు, రెండు క్లిప్పు తీగలు, మట్టి నింపిన ఒక కుండీ తీసుకోవాలి. మేకులను మట్టిలో ఎడంగా గుచ్చి, ఒకదాన్ని బోర్డులో కరెంటు వచ్చే చోటికి, రెండోదాన్ని కొలిచే చోటికి కలపాలి. బోర్డు 0 నుంచి 1023 లోపు ఒక అంకె చూపిస్తుంది. ఎండిన మట్టికి చిన్న అంకె, గ్లాసుడు నీళ్లు పోయగానే పెద్ద అంకె. తడిమట్టిలో కరెంటు సులువుగా పారడమే అందుకు కారణం. ఏ అంకె దగ్గర మొక్కకు నీళ్లు పోయాలో పిల్లలే పరీక్షించి తేల్చాలి. పత్తి, మిరప చేల మధ్య పెరిగే పిల్లలకు ఆ అంకె విలువ ఏమిటో బాగా తెలుసు.

మూడోది వాన పాఠం. అట్టముక్క మీద రెండు అల్యూమినియం రేకు పట్టీలను సన్నని సందు వదిలి అంటించాలి. చినుకు పడి ఆ సందు తడవగానే బోర్డు కూత పెట్టాలి. కల్లంలో మిర్చి ఎండుతుండగా అకాల వర్షం పడితే ఏమవుతుందో ఇక్కడి ఇళ్లలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. చీరాల దగ్గరి వాడరేవు అలల పక్కన బతికే ఊళ్లలో ఇలాంటి పాఠం పిల్లల బుర్రకు వెంటనే ఎక్కుతుంది.

ఆరో తరగతి దాకా ఆగాలా?

2020 జాతీయ విద్యావిధానం కోడింగును మాధ్యమిక దశలో, అంటే ఆరో తరగతి నుంచి పెట్టమంది. నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులూ ఆరు నుంచి పన్నెండు తరగతుల వారికే. ఒక్కో ల్యాబుకు ఇరవై లక్షల దాకా సాయం చేస్తూ దేశమంతా పది వేలకు పైగా నెలకొల్పారు. ప్రభుత్వ పాఠశాలల్లో ఐదేళ్లలో మరో యాభై వేలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. పిల్లల కుతూహలం పొంగిపొర్లే ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసు మాత్రం ఈ లెక్కల్లో లేదు.

ప్రాథమిక పాఠశాలకు లక్షల ల్యాబు అక్కర్లేదు. నలుగురికో బోర్డు చొప్పున పది బోర్డులు, ఒకటి రెండు పాత ల్యాప్‌టాప్‌లు ఉంటే నలభై మంది తరగతి నడుస్తుంది. వాటికంటే ముందు టీచరుకు శిక్షణ కావాలి. ఆమె స్వయంగా బుటా వెలిగించి, మేకులు గుచ్చి చూసుకున్నాకే బోర్డులు పిల్లల చేతికి రావాలి. ఆ వరుస తప్పితే పెట్టెలు బీరువాలోనే ఉండిపోతాయి. దిమ్మెల మీది మాటలను తెలుగులో అట్టముక్కల మీద రాసి, ముందు నేల మీద పేర్చి ఆడించే పని ఏ బడిలోనైనా రేపే మొదలుపెట్టవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు.

ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుగుతుంది. చీరాల ప్రాంతపు ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రుల కమిటీలు, చేనేత సహకార సంఘాల పెద్దలు ఒక్కచోట కూర్చుని, వచ్చే చేనేత దినోత్సవానికి తమ ఊరి బడి పిల్లల చేత ఒక్క బుటా అయినా వెలిగించాలని తీర్మానం చేయండి. ఒక డిజైనరును, అట్టలు కొట్టే ఒక పనివాణ్ని ఆ రోజు తరగతికి పిలవండి. పాఠంలో సగం వాళ్లు చెబుతారు, మిగతా సగం టీచరు చెబుతారు.