పట్టా చేతికి వచ్చిన తరువాత

నిరుద్యోగ సమస్యపై పార్లమెంటులో జరిగే చర్చలను పత్రికా ప్రతినిధుల గ్యాలరీ నుండి ఏళ్ళ తరబడి వింటున్నాను. మంత్రిగారు అంకెలు చదువుతారు; ప్రతిపక్షం ఆ అంకెలను కాదంటుంది. పట్టా పుచ్చుకున్న యువకుడు మరునాటి ఉదయం ఏమి చేయవలెనో మాత్రం ఇరుపక్షాలవారూ చెప్పరు. ఈ ప్రశ్న ఎంత బరువైనదో తెలియాలంటే జంషెడ్‌పూర్‌లోని కద్మాను చూడాలి.

ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని తరాల క్రితమే అక్కడికి చేరిన తెలుగు కుటుంబాలు అనేకం. 1907లో టాటా కంపెనీ ఏర్పడింది. 1912లో తొలి ఉక్కు తయారయింది. తండ్రి సర్వీసును బట్టి కుమారునికి కొలువులో ప్రాధాన్యం దక్కే ఆనవాయితీ చాలాకాలం సాగింది. 1991 నాటి ఆర్థిక సంస్కరణల తరువాత ఆ ధీమా సడలింది. దశాబ్దంన్నర కాలంలో కంపెనీ సిబ్బంది దాదాపు సగానికి తగ్గగా, ఉక్కు ఉత్పత్తి మాత్రం పెరిగింది. తండ్రి కొలువు బిడ్డకు ఆస్తి కాదని కద్మా ఇళ్ళు అనుభవపూర్వకంగా తెలుసుకున్నాయి.

అయితే పని నేర్పే సంప్రదాయం ఆ నగరానికి కొత్త కాదు. అక్కడి టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ 1921లోనే ఆరంభమైంది. దేశమంతటికీ వర్తించే అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చింది. 1973 సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులకు, 2014 సవరణతో సాంకేతికేతర పట్టభద్రులకు అందులో చోటు లభించింది. బి.ఏ., బి.కాం. చదివినవారిలో ఈ సంగతి తెలియనివారు ఇంకా ఉండడం విచారకరం.

తెలుసుకోవలసినది మరొకటి ఉన్నది. శిక్షణకాలంలో భృతి చెల్లించడం యజమాని విధి. శిక్షణ ముగిసిన పిమ్మట ఉద్యోగం ఇచ్చి తీరవలెనన్న విధి, ఒప్పందంలో ఆ షరతు ఉంటే తప్ప, లేదు. కనుక సంతకానికి ముందు ఒప్పందాన్ని ఆసాంతం చదవాలి. పోటీ పరీక్షలకు తయారయ్యేవారు సైతం గడువొకటి పెట్టుకొని, ఆ కాలంలోనే ఏదైనా పని నేర్చుకోవడం వివేకం.

కోటిమంది యువతకు అయిదేళ్ళలో పెద్ద కంపెనీలలో ఇంటర్న్‌షిప్ కల్పిస్తామని 2024 బడ్జెట్‌లో ప్రభుత్వం ప్రకటించింది. ఎంతమంది చేరారని సభ్యులు అడగడం సహజం. శిక్షణ ముగిశాక ఎంతమందికి కొలువు దొరికిందన్నది కూడా ప్రశ్నోత్తరాల సమయంలో నిలదీసి అడగాలి. కద్మాలోని తల్లిదండ్రులకు కావలసిన అంకె అదే.