ఎదుగు పిల్లల కంచము

వరి పిలకలు వేయు దినములలోను, చిరుపొట్ట దశలోను ఎరువు తక్కువైనచో పంట యెంత తగ్గునో రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. పైరును గూర్చి యింత యెరిగిన మనము, అట్టి దశలోనే యున్న 13 మొదలు 18 ఏండ్ల పిల్లల కంచమును మాత్రము పరికింపము. ఎత్తు పెరుగుట, ఎముక బలియుట, నెత్తురు వృద్ధియగుట ఈ యేండ్లలో విశేషముగ జరుగును. ఈ యదను తప్పినచో తరువాత లోటు తీర్చుట కష్టము.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరునందు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలినది. ఆ సంస్థవారి 2020 నాటి లెక్కల ప్రకారము మోస్తరు శ్రమ చేయు పురుషునకు దినమునకు 2,710 కేలరీలు చాలును. 16–18 ఏండ్ల బాలునకు 3,320 కావలెను. ఇనుము పురుషునకు 19 మిల్లీగ్రాములు. 13–15 ఏండ్ల బాలికకు 30. అనగా తండ్రికంటె కూతునకే ఇనుము హెచ్చుగా కావలెను. మన యిండ్లలో జరుగునదేమి? ఆడపిల్ల అందరికిని వడ్డించి, మిగిలిన యన్నమును చారునీళ్లతో తినును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమందలి 15–19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత కానవచ్చినది. ఆయాసము, చదువున మనసు నిలువకపోవుట, మున్ముందు కాన్పులో ప్రమాదము దీని ఫలములు.

పండించు నింటనే ఈ కొరత యేల? పాలు సంఘమునకు, కందులు కల్లములోనే వర్తకునకు, గ్రుడ్లు సంతకు పోవును. ఇంట మిగులునది తెల్లయన్నము, పచ్చడి. గ్రుడ్లమ్మిన సొమ్ములో కొంత చిప్సు పొట్లములకును, రంగునీళ్ల సీసాలకును పోవును. పాలు పోయవద్దని మేము చెప్పము. విత్తనమును ముందుగా తీసి యుంచినట్లే పిల్లల వంతును తీసి యుంచి, తక్కినది అమ్ముడని చెప్పుచున్నాము. అప్పు వాయిదా తరుముచున్న యింట ఇది సులభము కాదని యెరుగుదుము. అట్టివారు పెరటి మునగాకు, తోటకూర, రెండు కోళ్లతోనైనను ఆరంభింపవచ్చును.

ఆ సంస్థవారి 2024 నాటి మాదిరి, దినమునకు 2,000 కేలరీలకు, వండకముందటి తూకమున ఇట్లున్నది: బియ్యము, జొన్న, రాగి వంటి ధాన్యములు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు, ఆకుకూరలు 400, పండ్లు 100, వేరుసెనగ, నువ్వుల వంటి గింజలు 35, నూనె 27, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు. మాంసాహారులు పప్పులో కొంతకు మారుగా గ్రుడ్డు, చేప తినవచ్చును. ఎదుగు పిల్లలకు ఆకలిని, శ్రమను బట్టి ఇదే పాళ్లలో హెచ్చింపవలెను. అన్నమును మాత్రమే పెంచరాదు.

వంటలో కొన్ని జాగ్రత్తలు కలవు. అన్నములోని మాంసకృత్తుల లోపమును పప్పు పూరించును. కావున రెండును కలిపి తినవలెను. మిక్కిలి పాలిషు పట్టిన బియ్యమున, వార్చి పారబోసిన గంజిలో బి విటమినులు నష్టమగును. పాలు చాలని యింట రాగిసంకటి మేలు. 100 గ్రాముల రాగులలో సుమారు 360 మిల్లీగ్రాముల సున్నము గలదు. ఆకుకూరపై నిమ్మరసము పిండినచో ఇనుము చక్కగా ఒంటబట్టును; భోజనముతో టీ త్రాగినచో ఒంటబట్టదు. పాఠశాలలో వారమునకొకమారు ఇచ్చు ఇనుపమాత్రను మానిపింపరాదు.

దినమునకు 85 గ్రాముల చొప్పున ఒక్కొక్క పిల్లకు ఏటికి పప్పుగా 31 కిలోలు కావలెను. ఈ యేడు కల్లము నూర్చిన దినముననే, వర్తకుని కాటా రాకముందే, ఇంట నెందరు పిల్లలున్నారో లెక్కించి ఆ మేరకు కందులు, పెసలు, మినుములు గాదెలో వేయుడు. ఆ పూట వడ్డనలో ఆడపిల్లను కూడ తమ్ముని ప్రక్కనే కూర్చుండబెట్టుడు.