సారె లేని కుమ్మరుల కళకు రైలు హోటలు ఆసరా

కుండ చేయాలంటే సారె ఉండాలని మనవాళ్లు అనుకుంటారు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో హోపీ తెగవారి పల్లెల్లో సారె వాడకం లేదు. అక్కడ తరతరాలుగా కుండలు చేసింది ఆడవాళ్లే. మట్టిని తాళ్లలా పేని, ఒకదానిమీద ఒకటి చుట్టి, గులకరాయితో నున్నగా రుద్దుతారు. యక్కా అనే మొక్క ఆకును నమిలి కుంచెగా చేసి బొమ్మలు వేస్తారు. ఆవానికి గొర్రెల పేడ పిడకలు వాడతారు.

ఈ పనిలో ఖండాంతర ఖ్యాతి పొందిన మనిషి నాంపేయో. 1860 ప్రాంతంలో హానో అనే పల్లెలో పుట్టింది. 1895లో దగ్గరలోని సిక్యాట్కి పాడుదిబ్బను పురావస్తు శాఖవారు తవ్వినప్పుడు ఆమె భర్త లెసో అక్కడ కూలికి వెళ్లాడు. వందల ఏళ్లనాటి ఆ కుండపెంకుల మీది పక్షులు, రెక్కలు, మెలికలు ఆమె తన కుండల మీదికి తెచ్చింది. పాత పెంకుల పనితనం ఆమెకు అంతకు ముందే తెలుసునని చెప్పేవారూ ఉన్నారు. చెప్పుకోదగ్గదేమంటే, మక్కికి మక్కి దించకుండా తన సొంత చేయి కలిపింది.

అయితే ఎంత బాగా చేసినా ఎడారి గుట్ట మీది పల్లెకు వచ్చి కొనేవారెందరు? ఇక్కడే హోటలు కథ వస్తుంది. సుమారు 100 మైళ్ల దూరంలో గ్రాండ్ కాన్యన్ అనే మహాలోయ ఉంది. లోతు ఒక మైలు. 1901లో శాంటా ఫే రైలు ఆ లోయ అంచుదాకా వచ్చింది. 1905లో అక్కడ ఎల్ తోవార్ అనే పెద్ద హోటలు తెరిచారు. నడిపినది ఫ్రెడ్ హార్వే కంపెనీ. హోటలు ఎదురుగా మేరీ కోల్టర్ అనే ఆమె గీసిన నమూనాతో, హోపీ పనివారి చేతనే రాతితో కట్టించిన మిద్దె 'హోపీ హౌస్'. కింద అంగడి, పైన కళాకారుల నివాసం.

ఆ ఏడాదే నాంపేయో కుటుంబం వచ్చి దాదాపు మూడు నెలలు అక్కడ ఉంది. 1907లో మళ్లీ వచ్చింది. పగలు కుండలు చేయడం యాత్రికులు చూసేవారు. సాయంత్రం హోపీల నాట్యం ఉండేది. కుండల మీద 'హోపీ నాంపేయో చేసినది' అని కంపెనీ చీటీ అంటించేది. కుమ్మరి పేరు చెప్పి కుండ అమ్మడం ఆనాడు అరుదు.

ఇందులో రెండో ముఖమూ ఉంది. మనుషుల్ని ఇల్లూవాకిలితో సహా తెచ్చి చూడముచ్చటగా నిలబెట్టడం గౌరవమని ఈ విలేకరి అనుకోడు. బేరం చేసేది కంపెనీ, వన్నె కంపెనీకి. పైగా రైల్లో పెట్టెలో పట్టే చిన్న కుండలకే గిరాకీ ఎక్కువ. ధాన్యం పోసుకునే పెద్ద బానలు ఎవరు మోసుకుపోతారు? అయినా ఇంట్లో వంటకూ నీళ్లకూ రేకు సామాను దిగిన ఆ రోజుల్లో కొనేవాడంటూ ఉండబట్టే చాలామంది ఆడవాళ్లు మట్టి వదలలేదు.

కుండలతోనే ఆగలేదు. 1932లో అదే కంపెనీ లోయ అంచున కట్టిన రాతి బురుజు లోపలి గోడలకు ఫ్రెడ్ కబోటీ అనే హోపీ చిత్రకారుడు బొమ్మలు వేశాడు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన హోపీ యువకులకు వెండిపని నేర్పే ఏర్పాటులో ఆయన ముందు నిలిచాడు. 1949లో ఆ పనివారు సొంత సహకార సంఘం పెట్టుకున్నారు. అమ్మకం మధ్యవర్తి చేతి నుంచి కొంతైనా తమ చేతికి తెచ్చుకున్న అడుగు అది.

నాంపేయోకు వయసు మీదపడి చూపు తగ్గింది. వేళ్లతో తడుముతూ కుండ నిలబెడితే, బొమ్మలు భర్తా కూతుళ్లూ వేసేవారు. 1942లో కన్నుమూసింది. చదువు రాదు కనుక కుండ అడుగున పేరు రాసుకోలేదు, చీటీయే గుర్తు. కూతురు ఫానీ కాలం నుంచి ఆ ఇంటి ఆడవాళ్లు కుండ అడుగున తమ పేరు తామే రాసుకుంటున్నారు.