విద్యుత్ సైకిలు గొలుసు: రైతు లెరుగదగిన సంగతి

బండి యిరుసునకు కందెన పెట్టుట జగ్గయ్యపేట, నందిగామ మెట్ట రైతులకు మేము నేర్పవలసిన పని కాదు. విద్యుత్ సైకిలు గొలుసునకును ఆ ధర్మమే కలదు గాని, బండికందెన దానికి పనికిరాదు. దట్టముగా పూసినచో నల్లరేగడి దుమ్మును, సున్నపురాతి పొడియు నంటుకొని ఆకురాయివలె ఇనుమును తినివేయును. కావున బ్యాటరీ నాపి, గొలుసును పొడిగుడ్డతో తుడిచి, లంకె కొక చుక్క చొప్పున పలుచని నూనె వేసి, పైన మిగిలినదానిని తుడిచివేయవలయును.

మోటారు వెనుక చక్రము నడుమ నున్నచో గొలుసు కాలిబలమునే మోయును. పెడళ్లయొద్ద నున్నచో మోటారు బలమును దానిపైననే పడును. అట్టి సైకిలును తేలిక గేరులో కదల్పవలయును. గేరు మార్చునపుడు త్రొక్కుట తగ్గింపవలయును.

క్రొత్త గొలుసున పిన్ను నడుమనుండి పిన్ను నడుమకు 24 లంకెలు సరిగా 12 అంగుళము లుండును. అంగుళములో 16వ వంతు సాగినచో గొలుసును మార్పవలయును. 8వ వంతు సాగువరకు ఉపేక్షించినచో పళ్లచక్రములును అరిగి, ఖర్చు పెక్కురెట్లగును. సోదర సభ్యులారా! నెలకొకసారి కొలబద్ద పట్టి చూచుకొనుడని మా మనవి.