‘సబ్‌వే మూసేశారు’... ఎవరు మూశారు?

వాన గట్టిగా కురిస్తే మన వ్యాసర్పాడి గణేశపురం సబ్‌వేలో నీళ్లు నిలుస్తాయి. ఆ రోజు పిల్లలు ఆలస్యంగా వచ్చి “సబ్‌వే మూసేశారు సార్” అంటారు. ఎవరు మూశారని మేము అడగం. పోలీసులో, కార్పొరేషన్ వాళ్లో, ఎవరైతేనేం!

అదే మాట ఇంగ్లీషులో రాయమంటే ‘దే క్లోజ్‌డ్ ది సబ్‌వే’ అంటారు. ఆ ‘దే’ ఎవరని అడిగితే దిక్కులు చూస్తారు. చేసినవారి ఊసు లేకుండా తెలుగులో ‘మూసేశారు’ అంటే చాలు. ఇంగ్లీషులో ఆ పని పాసివ్ వాయిస్ చేస్తుంది: ‘ది సబ్‌వే హాజ్ బీన్ క్లోజ్‌డ్’.

గైడ్లలో మాత్రం సబ్జెక్టునూ ఆబ్జెక్టునూ అటూ ఇటూ మార్చి ‘బై’ చేర్చమని ఉంటుంది. తెలుగు అర్థమేమో ‘పిల్లి చేత పాలు తాగబడెను’! ఏ ఇంట్లో ఏ అమ్మ అలా మాట్లాడుతుంది? మేమూ చాలా ఏళ్లు అలాగే చెప్పాం. మార్కులు వచ్చాయి గనుక సరిపెట్టుకున్నాం.

ఒక సెలవు చీటీ చూశాక మా ధోరణి మారింది. ‘నాన్నను బైకు గుద్దింది’ అనుకుని ఆ అబ్బాయి ‘మై ఫాదర్ హిట్ ఎ బైక్’ అని రాశాడు. ఆసుపత్రిలో ఉన్న తండ్రే గుద్దినవాడయ్యాడు. తెలుగులో ‘నాన్నను’ ముందున్నా వెనకున్నా ఆ ‘ను’ దెబ్బ ఎవరికి తగిలిందో చెబుతుంది. ఇంగ్లీషులో ఆ ప్రత్యయం లేదు, మాట ఉన్న చోటే అర్థాన్ని తేలుస్తుంది. నాన్నతో మొదలుపెట్టాలంటే ‘వాస్ హిట్ బై ఎ బైక్’ అనక తప్పదు. పోలీసు ఫిర్యాదులోనో, ఇన్సూరెన్సు కాగితంలోనో ఇలా రాస్తే?

‘పుట్టాను’ దగ్గర ఇంకో చిక్కు. మనకది మామూలు క్రియే. ఇంగ్లీషులో ‘ఐ వాస్ బార్న్’. ‘వాస్’ వదిలేసేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు.

2006 చట్టం తర్వాత మన పిల్లలకు తమిళమూ తప్పనిసరి అయింది. అక్కడి ప్రకటనల్లో కనబడే ‘పడు’ మన ‘బడు’కు తోబుట్టువే. తమిళం చదివే బిడ్డకు అది చూపిస్తే పాసివ్ కొంత తేలికవుతుంది.

తల్లిదండ్రులకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. ‘కరెంటు తీసేశారు’, ‘రోడ్డు తవ్వారు’, ‘పరీక్ష వాయిదా వేశారు’ అని ఇంట్లో అంటూనే ఉంటాం కదా, “ఎవరు?” అని బిడ్డను అడగండి. జవాబు అక్కర్లేదనిపిస్తే ఆ వాక్యాన్ని నోటుబుక్కులో రాయించి పంపండి. ఇంగ్లీషు సంగతి బడిలో మేము చూసుకుంటాం. పరీక్షలో వాక్యాలు మార్చమనే ప్రశ్న ఎలాగూ వస్తుంది, దానికి గైడు సూత్రం ఆఖరి వారంలో నేర్చుకున్నా సరిపోతుంది.