రౌతు, గుర్రం, నాలుగు కాళ్లు

గుర్రమెక్కిన సైనికుడి కంచు విగ్రహంలో బలం గుర్రానిది, పెత్తనం రౌతుది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లతో నడుస్తుందని సామెత. అంతటి జంతువును అదుపులో పెట్టినవాడు రాజ్యాన్నీ నడపగలడన్నదే ఈ విగ్రహాలు చెప్పదలచుకున్న మాట. దక్కనులో దీనికి సిరి కూడా తోడైంది. మేలుజాతి గుర్రాలు అరేబియా, పారశీక తీరాల నుంచి ఓడల్లో దిగేవి. గజపతి, నరపతుల సరసన అశ్వపతి అన్నదీ ఒక సింహాసనపు పేరైంది.

తెలుగువారితో ముడిపడిన కంచు రౌతు ఒకరు చెన్నైలో ఉన్నారు: సర్ థామస్ మన్రో. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల కలెక్టరు, రైత్వారీ పద్ధతిని పాదుకొల్పినవాడు, ఆపై మద్రాసు గవర్నరు. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. ఫ్రాన్సిస్ చాంట్రీ మలచిన ఆయన విగ్రహాన్ని 1839లో ఆవిష్కరించారు. ఆ గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. శిల్పి మరిచిపోయాడనీ, తప్పు తెలిశాక ప్రాణం తీసుకున్నాడనీ కథ పుట్టింది. కథ రక్తి కట్టింది గానీ, చాంట్రీయే చేసిన నాలుగో జార్జి విగ్రహానికీ రికాబులు లేవు. రోములోని మార్కస్ ఆరీలియస్ కంచు విగ్రహానికీ లేవు. ఆనాటి రోమన్లు రికాబే ఎరుగరు. ఏ ఆసరా లేకుండా తొడల పట్టుతోనే కూర్చున్నవాడి అదుపు ఇంకా గట్టిగా కనిపిస్తుంది. కుంపిణీ అధికారికి అలా రోమన్ చక్రవర్తి ఠీవి అబ్బింది.

గుర్రం కాళ్లకు ఇంకో అర్థం చెబుతారు: ముందుకాళ్లు రెండూ లేస్తే రౌతు యుద్ధంలో పోయినట్టు, ఒకటి లేస్తే గాయపడినట్టు, నాలుగూ నేల మీదుంటే మామూలు చావని. ఈ లెక్క నిలవదు. మార్కస్ గుర్రం ఒక కాలెత్తి ఉంటుంది. ఆయన పోయింది జబ్బుతో. మాడ్రిడ్‌లో నాలుగో ఫిలిప్ గుర్రం రెండు ముందుకాళ్లూ ఎత్తింది. ఆ రాజు యుద్ధంలో చావలేదు సరికదా, 1640లో పియెత్రో టక్కా ఆ విగ్రహం చేసేనాటికి బతికే ఉన్నాడు.

కాళ్ల సంగతి తేల్చేది చాలావరకు బరువే. మాదాపూర్ శిల్పారామం మేళాల్లో దొరికే డోక్రా గుర్రం అరచేతిలో ఇముడుతుంది, సన్నకాళ్లతోనే నిలుస్తుంది. టన్నుల లోహానికి ఆ వెసులుబాటు లేదు. ఎత్తిన కాలు ఒక్కటైతే మిగిలిన మూడూ మోస్తాయి. రెండూ ఎత్తితే భారమంతా వెనక్కి రావాలి. టక్కా తన గుర్రం తోకను కిందికి దించి, దాన్నీ ఆసరాగా వాడుకున్నాడు.